చిన్న కారుకు పెద్ద చక్రము

“కొత్త యొక వింత, పాత యొక రోత” యను సామెత మోటారు కార్ల విషయమున తలక్రిందులైనది. తయారీ నిలిచిపోయి ఏండ్లు గడచిన కారును కొని, దాని తుప్పు వదలించి, ఇంజను విప్పి మరల బిగించి, ఆదివారపు ఉదయమున ఊరి వెలుపలి దారిని నడుపుకొనుటయే పరమానందముగా భావించు రసికులు ఇంగ్లండు దేశమున వేలకొలది కలరు. వారి యభిమానమునకు విశేషముగా పాత్రమైనది ‘మినీ’. అలెక్ ఇసిగోనిస్ రూపకల్పన చేయగా 1959 ఆగస్టు 26వ తేదీన లోకమునకు వెల్లడియై, 2000 అక్టోబరు వరకు సుమారు 53 లక్షల సంఖ్యలో తయారైన యీ చిన్న కారుకు అభిమానులు చేయు ఉపచారములలో ప్రథమగణ్యమైనది చక్రముల మార్పు. చిన్న రిమ్మును తీసి పెద్ద రిమ్మును, మందపు టైరును తీసి పలుచని టైరును తొడుగుట చూచుటకు సులభమైన పని. కాని అందు ఇమిడియున్న గణితము, హస్తకౌశలము, సంయమము తెలిసినకొలది ఆశ్చర్యము గొల్పును.

మొదట ఆ చక్రము అంత చిన్నదిగా ఏల ఉండెనో తెలిసికొనవలెను. ఇంజనును అడ్డముగా త్రిప్పి ముందుభాగమున అమర్చి, గేరుపెట్టెను దాని క్రిందనే ఇమిడ్చి, పదియడుగుల పొడవులో నలుగురు మనుష్యులకు చోటు కల్పింపవలెనన్నది ఇసిగోనిస్ సంకల్పము. చక్రము పెద్దదైనచో దాని గూడు కారు లోపలికి చొచ్చుకొనివచ్చి కూర్చుండువారి చోటును హరించును. అందుచేత డన్లప్ కంపెనీవారు ఆ కారు కొరకే 10 అంగుళముల చక్రమునకు సరిపడు టైరును సిద్ధపరచిరి. అయితే చక్రము చిన్నదైనకొలది దాని గర్భమున ఇమడవలసిన బ్రేకు కూడ చిన్నది కాక తప్పదు. రేసుకార్ల నిర్మాత జాన్ కూపర్ పూనికతో 1961లో వెలువడిన మినీ కూపర్‌కు 7 అంగుళముల డిస్కు బ్రేకులను, 1963 నాటి కూపర్ ఎస్‌కు 7½ అంగుళముల డిస్కులను ఆ ఇరుకులోనే పొందుపరచిరి. 1964, 1965, 1967 సంవత్సరములలో మాంటీకార్లో ర్యాలీని జయించినవి ఆ పది అంగుళముల చక్రములే. తుదకు 1984లో కర్మాగారమువారే మినీకి 12 అంగుళముల చక్రములను తొడిగి, వానిలో 8.4 అంగుళముల డిస్కులను అమర్చిరి. కావున పెద్ద చక్రమనునది కేవలము కుర్రకారు వేడుక గాదనియు, బ్రేకుకు చోటిచ్చుట దాని ప్రథమ ప్రయోజనమనియు గ్రహింపవలెను.

ఈ విద్యలోని మూలసూత్రము ఒక్కటే: లోపలి రిమ్ము ఎంత పెరిగినను, టైరుతో కలిసిన వెలుపలి వలయము సాధ్యమైనంతవరకు పూర్వపు కొలతలోనే నిలువవలెను. టైరు పక్కన ముద్రించియుండు అంకెలను చదువ నేర్చినవానికి ఈ సూత్రము కరతలామలకము. 165/70 ఆర్ 10 అని యున్నచో, మొదటి అంకె టైరు వెడల్పును మిల్లీమీటర్లలో తెలుపును. రెండవది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు నూటికి ఎన్ని పాళ్లో చెప్పును. ‘ఆర్’ అను అక్షరము రేడియల్ నిర్మాణమునకు గుర్తు. చివరిది రిమ్ము వ్యాసము, అంగుళములలో. పక్కగోడ పాళ్లు తగ్గిన టైరునే లో ప్రొఫైల్ టైరందురు. 1970వ దశకపు మధ్యభాగమున పిరెల్లీ కంపెనీ పీ7 టైరు పోర్షె 911 టర్బో వంటి వేగవంతమైన కార్లకు అమరిన పిదప నూటికి 50 పాళ్ల పక్కగోడ సామాన్యుల దృష్టికి వచ్చినది.

ఇక లెక్క చూడుడు. 145/80 టైరు తొడిగిన 10 అంగుళముల చక్రపు మొత్తము వ్యాసము 486 మిల్లీమీటర్లు. 165/60 టైరుతో 12 అంగుళముల చక్రము 503 మిల్లీమీటర్లు. 175/50 టైరుతో 13 అంగుళముల చక్రము 505 మిల్లీమీటర్లు. అనగా రిమ్ము మూడంగుళములు, సుమారు 76 మిల్లీమీటర్లు, పెరిగినను వెలుపలి వలయము పెరిగినది 19 మిల్లీమీటర్లు మాత్రమే. తక్కిన పెరుగుదలనంతయు పక్కగోడ తాను కుదించుకొని భరించినది. ఈ లెక్క తెలియక అదే 13 అంగుళముల రిమ్మునకు 175/70 టైరును తొడిగినచో వ్యాసము 575 మిల్లీమీటర్లగును. అది చిన్న మినీ గూటిలో త్రిప్పుటకు వీలుపడదు. 19 మిల్లీమీటర్ల పెరుగుదలకైనను ఫలితము లేకపోలేదు. చక్రము ఒక చుట్టు తిరుగుటలో కారు సుమారు నూటికి నాలుగు పాళ్లు ఎక్కువ దూరము పోవును గావున, పూర్వము సరిగా చూపుచుండిన స్పీడోమీటరు 60 చూపునప్పుడు నిజవేగము 62 దాటియుండును. బయలుదేరు చురుకుదనము కొంత తగ్గి, సుదీర్ఘ ప్రయాణమున ఇంజను కొంత నెమ్మదిగా తిరుగును.

లెక్క తేలిన తరువాత చేతిపని. మినీ చక్రమునకు నాలుగు బోల్టులు. ఆ బోల్టులు నిలుచు వలయపు వ్యాసము 101.6 మిల్లీమీటర్లు, అనగా సరిగా నాలుగంగుళములు. ఈ కొలతలో వెంట్రుకవాసి తేడాయున్నను ఆ రిమ్మును తిరస్కరింపవలెను. అంతకంటె సూక్ష్మమైనది ఆఫ్‌సెట్, అనగా రిమ్ము నడిమి గీతకును, హబ్బునకు ఆనుకొను ముఖమునకును గల దూరము. రిమ్ము మితిమీరి వెలుపలికి వచ్చెనా, బేరింగులపై బరువు పెరుగును, స్టీరింగు చేతిని లాగును. లోపలికి పోయెనా, టైరు సస్పెన్షన్ భాగములను రాచుకొనును. అనుభవజ్ఞుడైన మెకానిక్కు కొత్త చక్రమును బిగించి, గూటి అంచున మెత్తని మైనపుముద్ద అంటించి, జాకీతో చక్రమును పైకెత్తి, స్టీరింగును ఈ కొస నుండి ఆ కొసవరకు త్రిప్పి, మైనముపై గీటుపడినదో లేదో పరికించును. గీటుపడినచో స్టీరింగు త్రిప్పు మేరను తగ్గింపవలెను, లేదా మడ్‌గార్డునకు వెడల్పు పట్టీలు అమర్పవలెను. ‘స్పోర్ట్స్‌ప్యాక్’ పేర 1990వ దశకపు చివర కర్మాగారమువారే 13 అంగుళముల చక్రములనిచ్చినప్పుడు అట్టి పట్టీలతోనే ఇచ్చిరి. అల్లాయ్ చక్రమునకు దానికి తగిన నట్లనే వాడి, కొంతదూరము నడిపిన పిదప మరల బిగించుటయు, వీల్ అలైన్‌మెంట్ సరిచూచుటయు మరువరాదు.

ఈ మార్పువలన లాభనష్టములు రెండును కలవు. పక్కగోడ పొట్టిదగుటచే మలుపున అది మెలిపడదు. స్టీరింగు ఆజ్ఞను టైరు తత్‌క్షణమే పాటించును. కాని 116 మిల్లీమీటర్ల గోడ 87½ మిల్లీమీటర్లకు దిగినప్పుడు, గుంతల తాకిడిని మెత్తగా మ్రింగు గాలిదిండు నాల్గవవంతు తరిగినట్లే. అలెక్స్ మౌల్టన్ రూపొందించిన మినీ రబ్బరు సస్పెన్షన్ స్వభావముచేతనే బిరుసైనది గావున ఆ తాకిడి నేరుగా నడుపువాని వెన్నెముకకు తెలియును, రిమ్ము వంకరపోవు ప్రమాదమును పెరుగును. బరువు సంగతి వేరు. సస్పెన్షన్‌కు దిగువనుండు బరువు హెచ్చినకొలది చక్రము నేలను విడిచి ఎగురును. ఆనాటి ర్యాలీ వీరులు మెగ్నీషియముతో పోతపోసిన మినీలైట్ చక్రములను కోరుటకు కారణమిదియే. పెద్దదై, పైగా బరువైన రిమ్ము శోభనిచ్చునే గాని వేగమునీయదు.

మూలరూపమును తాకరాదను ఛాందసులును, ఇష్టమువచ్చినట్లు కోసి అతుకు సాహసికులును ఈ అభిమానులలోనే కలరు. నా యభిప్రాయమున మార్పు తప్పు గాదు. మరలింపరాని మార్పు తప్పు. బోల్టు విప్పి తీసివేయదగినది ఏదైనను చేయవచ్చును. మడ్‌గార్డు రేకును రంపముతో కోసిన తరువాత ఆ కారు చరిత్రలో ఒక పుట చినిగినదనియే ఎంచవలెను. మలుపుల వినోదమును కోరువానికి 10 అంగుళముల రిమ్ముపై 165/70 టైరు, మంచి బ్రేకును కోరువానికి 12 అంగుళముల రిమ్ముపై 165/60 టైరు ఉత్తమములు. 13 అంగుళముల చక్రము ముఖ్యముగా కంటికి విందు.

మన దేశమున అంబాసిడర్, పద్మిని కార్లను పదిలపరచుకొన్నవారికిని ఈ సూత్రములే వర్తించును. అయితే మన చట్టము కొంత కఠినమైనది. మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను తయారీదారు నిర్దేశములకు విరుద్ధమైన మార్పును అంగీకరింపదు; 2021 నాటి నియమముల ప్రకారము యాభై ఏండ్లు దాటిన కారుకు వింటేజి గుర్తింపు పొందగోరువాడు ఛాసిస్, బాడీ, ఇంజను విషయమున దాని మూలస్వరూపమును కాపాడియుండవలెను. కావున పెద్ద చక్రములపై మనసు పడిన పాఠకులు ముందు కొలతలు వ్రాసికొని, రవాణా కార్యాలయమున విచారించి, పిమ్మటనే సొమ్ము చెల్లింపుడు. విప్పిన పాత చక్రములను మాత్రము ఎంత వెల పలికినను అమ్ముకొనకుడు.