ఫొటో చూడటం తెలిసిన మాష్టారు

గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువు దగ్గర తీసిన ఫొటో అది. ఎర్రకాళ్ల కొంగ ఒకటి ముక్కున పుల్ల కరుచుకుని, సర్కారు తుమ్మ మీది గూటికి దిగుతోంది. రెక్కలు రెండూ బారచాచి ఉన్నాయి. కాళ్లు ముందుకు వేలాడుతున్నాయి. గూట్లో ఉన్న జంట పక్షి మెడ నిక్కించి చూస్తోంది. తీసినమ్మాయి బ్యాంకులో పనిచేస్తుంది, కెమెరా కొని ఏడాది దాటలేదు. టీవీ తెర మీద ఆ ఫొటో పడగానే గదిలో ఉన్నవాళ్లం "సూపర్", "అదిరింది" అనేశాం. ఒకాయన "ఏ లెన్సమ్మా?" అనడిగాడు. మాష్టారు మాత్రం లేచి వెళ్లి ట్యూబులైటు ఆపేశారు. కిటికీ తెర వేయించారు. వచ్చి కూర్చుని, చాలాసేపు ఏమీ మాట్లాడకుండా ఫొటో చూశారు.

మాది చిన్న బృందం. నెలకో ఆదివారం సాయంత్రం ఎవరో ఒకరింట్లో చేరి, ల్యాప్‌టాప్‌ను టీవీకి తగిలించి, తలా రెండు మూడు ఫొటోలు చూపించుకుంటాం. పిట్టలు, సీతాకోకచిలుకలు, సాలీళ్లు, తుఫాను ముందు మబ్బులు. అందరివీ వేరే ఉద్యోగాలు, ఇది మనసుపడి చేసే పని. మాష్టారు కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యారు. పేరు రాయొద్దన్నారు కాబట్టి మాష్టారనే అంటాను. ఆయన తీసిన ఫొటోలు బాగుంటాయి, అంతే. ఎదుటివాళ్ల ఫొటో చూసి ఆయన చెప్పే మాట మాత్రం ఎంతో బాగుంటుంది. ఆ మాట తయారయ్యే తీరు గురించే ఈ వ్యాసం.

ఉప్పలపాడు కొంగ విషయంలో ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట మెచ్చుకోలూ కాదు, తప్పు పట్టడమూ కాదు. "పుల్ల తెచ్చిన పక్షి కంటే నాకు గూట్లో ఉన్నదాని మెడ ముందు కనబడిందమ్మా. అది ఎదురుచూస్తోంది. దాని చూపు పట్టుకుని పైకి వెళ్తే అప్పుడు ఈ రెక్కలు కనబడ్డాయి" అన్నారు. ఆ అమ్మాయి తెరకు దగ్గరగా వచ్చి మళ్లీ చూసుకుంది. తీసేటప్పుడు ఆమె దృష్టంతా దిగుతున్న కొంగ మీదే ఉంది, ఫోకస్ పాయింటు దాని కంటి మీదే నిలపాలని పాట్లు పడింది. గూట్లోని పక్షి సంగతి ఆమెకు పట్టనే లేదు.

ఈ మొదటి మాటను నేను చాలా గొప్పగా భావిస్తాను. ఫొటో తీసినవాళ్లకు అందులో లేనివి కూడా కనబడతాయి. తెల్లవారుజామున లేచి బస్సెక్కడం, చెరువు గట్టు మీది చలి, ఆ పక్షి ఎప్పుడు దిగుతుందా అని పడిన ఆరాటం, అన్నీ కలిసే వాళ్ల కళ్లకు ఆ బొమ్మ కనబడుతుంది. చూసేవాడి ముందు మాత్రం నాలుగు అంచుల మధ్య ఉన్నదే ఉంటుంది. ఆ ఉన్నది ఏమిటో, కన్ను ముందు ఎక్కడికి వెళ్లి తర్వాత ఎక్కడికి తిరిగిందో ఒకరు ఉన్నదున్నట్టు చెబితే, తీసినవాళ్లకు అంతకు మించిన సాయం లేదు. బాగుందో లేదో తర్వాత చూసుకోవచ్చు.

అది అయ్యాక మాష్టారు ఒక్క లోపం చెప్పారు. ఒక్కటే. "ఈ కొంగకు తోక పక్కన రెక్క లోపలి ఈకలు గులాబీ రంగులో ఉంటాయి. నువ్వు అక్కడ చూసినప్పుడు ఉన్నాయి కదూ? ఫొటోలో ఆ రంగు వెలిసిపోయింది. వీపు మీద తెలుపులో ఈకల గీతలు కూడా లేవు." ఫొటోలు చూసేవాళ్లు మామూలుగా "వైట్స్ పోయాయి" అని ఊరుకుంటారు. అదే సంగతిని ఆయన పక్షి వైపు నుంచి చెప్పారు. ఆ చోట ఏ రంగు ఉండాలో తెలిసినవాడికే అది లేకపోవడం కనబడుతుంది.

కారణం కూడా వెంటనే చెప్పారు. కెమెరాలోని మీటరు తన ముందున్న దృశ్యాన్నంతా సగటు చేసి మధ్యరకం బూడిదరంగు వెలుగుకు తేవాలని చూస్తుంది. ఆ ఫ్రేములో వెనక తుమ్మచెట్ల ముదురు ఆకుపచ్చ ఎక్కువ, కొంగ తక్కువ. ఆ ముదురు భాగాన్ని వెలిగించబోయి మీటరు కొంగ తెలుపును సున్నం కొట్టినట్టు చేసేసింది. "ఈసారి చెట్లు వెనక ఉంటే ఎక్స్‌పోజర్ మైనస్ 0.7కి దించు. అదే కొంగ ఫ్రేము నిండా వస్తే, మీటరు తెలుపును చూసి భయపడి మసకగా తీస్తుంది. అప్పుడు ప్లస్ చెయ్యి. హిస్టోగ్రాం కుడి అంచుకు గుద్దుకుంటోందేమో ఒకసారి చూసుకో, చాలు" అన్నారు. రా ఫైలు ఉంది కనుక కొంత వెనక్కి తెచ్చుకోవచ్చని, ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ నిండిపోయిన చోట మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ ఈకను తిరిగి పుట్టించలేదని కూడా చెప్పారు. ఆ అమ్మాయికి ఇంట్లో కూర్చుని చేయాల్సిందేదో, మళ్లీ చెరువు దగ్గరికి వెళ్లినప్పుడు చేయాల్సిందేదో విడివిడిగా తెలిసింది.

లెన్సు మార్చమని ఆయన ఎవరికీ చెప్పగా నేను వినలేదు. డబ్బు ఖర్చు పెడితే తప్ప పాటించలేని సలహా సలహా కాదని నా అభిప్రాయం కూడా. 600 ఎంఎం లెన్సు ఉంటే బాగుంటుందని అందరికీ తెలుసు. చేతిలో ఉన్న 300తో వచ్చే ఆదివారం ఏం చేయవచ్చో చెప్పడానికే తెలివి కావాలి.

అదే ఫొటో మీద మరో రెండు మాటలు నడిచాయి. ఒక మిత్రుడు గూడును వదిలేసి, దిగే కొంగ వరకే బిగించి క్రాప్ చేయమన్నాడు. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, "వద్దండీ, మాష్టారు చెప్పాక నాకు ఆ మెడ కావాలనిపిస్తోంది" అంది. సలహా ఇచ్చిన మిత్రుడు కూడా మళ్లీ చూసి, "నిజమే, ఉండనివ్వండి" అన్నాడు. ఇంకొకరికి రెక్క చివర అడ్డుగా ఉన్న ముల్లుకొమ్మ నచ్చలేదు. ఫొటోషాప్‌లో తీసేస్తే పోతుంది కదా అన్నారు. ఇక్కడ మాష్టారు గట్టిగానే అడ్డుపడ్డారు. బ్రిటన్‌లోని రాయల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ, అమెరికాలోని పీఎస్ఏ, అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్ఐఏపీ, ఈ మూడూ కలిసి ఒప్పుకున్న నేచర్ ఫొటో నిర్వచనం ప్రకారం క్రాప్ చేయవచ్చు, వెలుతురు సరిచేసుకోవచ్చు. ఉన్నదాన్ని తీసేయడం, లేనిదాన్ని చేర్చడం, చోటు మార్చడం కుదరదు. పోటీకి పంపినా పంపకపోయినా ఆ హద్దు మనసులో ఉండాలంటారాయన. "కొంగ ఆ ముళ్లలోకే దిగింది కదమ్మా. ముల్లు తీసేస్తే అది దిగిన తీరు అబద్ధమవుతుంది" అన్నారు.

ఆయన పనితనం పూర్తిగా కనబడిన సందర్భం మరొకటుంది. కృష్ణ ఒడ్డున మట్టిగట్టు దగ్గర ఏప్రిల్ నెలలో తీసిన పసిరిక పిట్ట ఫొటో. ముక్కులో తూనీగ. ఎండపొడ పక్కనుంచి పడి పచ్చని ఒళ్లంతా మెరుస్తోంది, మెడ కింది నల్లగీత కాటుకతో దిద్దినట్టుంది, తూనీగ రెక్కల్లో నరాలు లెక్కపెట్టవచ్చు. సాంకేతికంగా వంక పెట్టే చోటే లేదు. తీసిన పెద్దాయనకు చప్పట్లు కొట్టాం. మాష్టారు కూడా కొట్టారు. చప్పట్లయ్యాక, "ఈ ఫొటోకు ముందూ వెనకా తీసినవి ఉన్నాయా?" అని అడిగారు. ఉన్నాయి, చాలా ఉన్నాయి. వరసగా చూపించారు. అన్నిట్లోనూ అదే కొమ్మ, అదే పిట్ట, అదే తూనీగ.

వేటాడిన పురుగును పసిరిక పిట్ట కొమ్మకేసి రెండు మూడుసార్లు బాది మింగేస్తుంది. మింగకుండా అంతసేపు పట్టుకుని కూర్చుందంటే గట్టులోని సొరంగంలో పిల్లలుండి ఉండాలి. లోపలికి పోకుండా కొమ్మ మీదే ఉండిపోయిందంటే ఎవరో అడ్డున్నారన్నమాట. పుణె శాస్త్రవేత్త మిలింద్ వాట్వే బృందం ఈ పిట్టల మీదే పరిశీలనలు చేసి 2002లో ఒక పత్రం ప్రచురించింది. మనిషి ఎంత దూరంలో ఉన్నాడన్నదే కాక, అతను నిలబడ్డ చోటి నుంచి గూడు కనబడుతుందా లేదా అన్నది కూడా ఈ పిట్టలు గమనిస్తాయని అందులో తేలింది. గూడు కనబడే చోట మనిషి నిలబడితే అవి లోపలికి పోవడానికి జంకుతాయి. అంతే దూరంలో ఉన్నా, ఏదో చాటయి అతనికి గూడు కనబడకపోతే ఎక్కువ ధైర్యం చేస్తాయి.

ఇదంతా మాష్టారికి ఫొటోల వరస చూడగానే తట్టింది. "మీరు గూటికి చాలా దగ్గరగా వెళ్లారు" అని మొహం మీద అనవచ్చు. ఆయన అలా అనలేదు. వాట్వే పరిశీలన గురించి ఓ చక్కని సంగతి చెబుతున్నట్టు మొదలుపెట్టారు. చెబుతుండగానే ఫొటో తీసిన పెద్దాయన, "అయితే ఇది లోపలికి పోలేక ఆగిందంటారా?" అని తనే అడిగారు. "అయ్యుండొచ్చండీ. సొరంగం నోరు కనబడని వైపు, ఆ జమ్ము వెనక కూర్చుని చూడండి. ఫొటో కాస్త చిన్నదవుతుంది. కానీ అది వాలడం, లోపలికి దూరడం, ఖాళీ ముక్కుతో బయటికి రావడం, అన్నీ దొరుకుతాయి" అన్నారు మాష్టారు. నిజం దాచలేదు, మనిషిని నొప్పించనూ లేదు. పైగా ఆ పెద్దాయనకు ఒక ఫొటో బదులు మూడు ఫొటోల ఆశ పెట్టారు. పిట్టకు జరిగే మేలు కూడా అందులోనే ఉంది. ఫొటో బాగుందని మెచ్చుకుని ఊరుకుంటే, మరుసటి వేసవిలో ఆయన ఇంకో రెండడుగులు ముందుకు జరిగేవారు.

మనసుపడి ఫొటోలు తీసేవాళ్లు ఒకరి పని ఒకరు చూసుకునే ఈ పద్ధతి పాతదే. బ్రిటన్‌లో 1899లో జూలాజికల్ ఫొటోగ్రాఫిక్ క్లబ్ మొదలైంది. సభ్యులు తలో ఊళ్లో ఉండేవారు. ప్రింట్లన్నీ ఒక పెట్టెలో పెట్టి తపాలాలో ఒకరి నుంచి ఒకరికి పంపుకునేవారు. పెట్టె చేరినవాళ్లు తక్కినవాళ్ల ఫొటోల మీద అభిప్రాయం రాసి, పెట్టెను ముందుకు నడిపేవారు. అది తిరిగి తిరిగి మళ్లీ మొదటి ఇంటికి చేరేసరికి ఒక్కో ఫొటోకు ఇంతమంది చూపు తోడయ్యేది. భుజాలు పడిపోయేంత బరువు కెమెరాలతో, గాజు పలకల మీద ఫొటోలు తీసిన కాలమది. ఒక ఫొటో తీయడమే అంత శ్రమ అయినప్పుడు దాని మీద రెండు వాక్యాలు రాసేవాళ్లు ఆ శ్రమకు తగ్గట్టు చూసే రాసి ఉంటారనుకుంటాను. మెమరీ కార్డు నిండా వేల ఫొటోలు పట్టే ఈ రోజుల్లో ట్యూబులైటు ఆపి ఒక్కదాన్ని అంతసేపు చూసే మనిషి దొరకడం అదృష్టం.

చెప్పేవాళ్ల నేర్పుతో పాటు వినేవాళ్ల నేర్పు కూడా ఉండాలి. ఆ బ్యాంకు అమ్మాయిలో అది నిండుగా ఉంది. క్రాప్ చేసిన ఫొటోతో పాటు అసలు ఫ్రేము కూడా తెస్తుంది. చూపించే ముందు తనకు కావలసింది ఒక్క వాక్యంలో అడుగుతుంది. ఆ రోజు అడిగింది ఇది: "దిగేటప్పటి ఊపు వచ్చిందో లేదో చెప్పండి." తర్వాత ఇక నోరు మెదపదు. వెలుతురు లేదండీ, గాలి వేసిందండీ, పక్కవాళ్లు కదిలారండీ అని సంజాయిషీ ఇచ్చుకోదు. సంజాయిషీ మొదలైతే చూసేవాళ్లు కూడా ఫొటో వదిలేసి మనిషిని ఓదార్చే పనిలో పడతారు. విన్న సలహా ప్రతిదీ ఆమె పాటించదు, క్రాప్ విషయంలో చూశాం కదా. కానీ కాదనే ముందు ఆ సలహా ప్రకారం ఫొటోను ఒకసారి ఊహించుకుని చూస్తుంది.

మాష్టారి చూపుకు ఒక హద్దుంది. ఈక కనబడని ఫొటో ఆయనకు రుచించదు. సంధ్యవేళ నీడబొమ్మలూ, కావాలని చెరిపేసినట్టు తీసిన కదలికలూ ఆయన మనసుకు ఎక్కవు. నాకు అవి ఇష్టం. ఈ ఒక్క విషయంలో మా ఇద్దరికీ పడదు. ఇంజనీరింగు చదివే కుర్రాడొకడు పులికాట్‌లో ఫ్లెమింగోల గుంపు లేచేటప్పుడు షట్టర్ 1/15 దగ్గర పెట్టి ప్యాన్ చేసిన ఫొటో తెచ్చాడు. తెరంతా గులాబీ, నలుపు చారలు. మాష్టారు ఎప్పటిలా చాలాసేపు చూసి, "నాయనా, ఇది నాకు అందడం లేదు. అందనిదాని గురించి నేను చెబితే నీకు చెరుపు. డ్రాయింగ్ టీచరమ్మ గారు చెబుతారు, అడుగు" అన్నారు.

టీచరమ్మ ముందు రంగుల గురించి మాట్లాడింది. నలుపు కింద, గులాబీ పైన రావడం వల్ల గుంపు నిజంగానే పైకి లేస్తున్నట్టుందట. "కానీ చూపు ఆగడానికి ఎక్కడో ఒక్క తలైనా నిలవాలి బాబూ. 1/60 దగ్గర మొదలుపెట్టి మెల్లగా కిందికి దిగు. వరసగా కొన్ని తియ్యి, అందులో ఏదో ఒకదానిలో ఒక మెడ నిలుస్తుంది" అంది. మాష్టారు వెంటనే ప్యాన్ చేయడమంటే చేతులు తిప్పాలా, నడుము తిప్పాలా అని అడిగారు. కుర్రాడు లేచి, మోచేతులు పక్కటెముకలకు ఆనించి, పాదాలు కదపకుండా నడుము నుంచి తిరిగి చూపించాడు. మాష్టారు కూడా తన కెమెరా తీసుకుని అతని పక్కన నిలబడ్డారు. ఫ్యాను రెక్కల మీద ఇద్దరూ ప్రాక్టీసు చేస్తుంటే మేం కాఫీలు తాగాం.