దీపం ఎవరు పెట్టారు?

చదువుకున్న మనిషి కన్నుమూస్తే మనం రాసే నివాళికి ఒక అచ్చు తయారై ఉంది. పుట్టిన తేదీ, చదివిన డిగ్రీ, ఎక్కిన పదవులు, అందుకున్న సన్మానాలు, చివరికి ‘తీరని లోటు’. పేరొక్కటి మారిస్తే అదే కాగితం ఇంకొకరికి పనికొస్తుంది. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం నూరేళ్లకు చేరిన ఈ రోజుల్లో, అక్కడ చదివి వెళ్లిపోయిన పెద్దలను తలచుకోవడం న్యాయమే. అయితే ఇలాంటి కాగితం మన పిల్లల చేతికిస్తే ఏం నేర్చుకుంటారన్నదే మా ప్రశ్న.

గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావును చూడండి. విశాఖలో గణితం ఎం.ఏ. చదివారు. 2023 ఆగస్టు 22న, 102 ఏళ్ల వయసులో అమెరికాలో కన్నుమూశారు. ఆయన గురించి రాసేటప్పుడు 2001 నాటి పద్మవిభూషణ్, 2023 నాటి అంతర్జాతీయ గణాంక బహుమతి ముందు వరసలో నిలుస్తాయి. చదువయ్యాక ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లి, అది దొరక్క, అక్కడి భారతీయ గణాంక సంస్థలో శిక్షణకు చేరిన సంగతి వెనక్కి పోతుంది. తెల్లవారుజామున నాలుగింటికి లేపి, నూనెదీపం వెలిగించి చదువుకు కూర్చోబెట్టిన తల్లి లక్ష్మీకాంతమ్మను ఆయనే తన పుస్తకంలో తలచుకున్నారు. ఆశ్రమ పాఠశాలలో చదివే పిల్లకు పద్మవిభూషణ్ చాలా దూరం. దొరకని ఉద్యోగం, తెల్లారకముందే వెలిగిన దీపం ఆమెకు తెలిసినవే.

భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి మనకు ఇంకా దగ్గర. 1948లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి తెలుగు ఆనర్సు పట్టా పొందారు, హైదరాబాదు విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు, 2012లో కన్నుమూశారు. ఈ మాటలు అందరూ రాస్తారు. 1969లో ఆయన కొండదొరల కూబి భాషపై కథలు, వ్యాకరణం, పదకోశం కలిపి ఒక పుస్తకం తెచ్చారని మన బడుల్లో ఎందరికి తెలుసు? తెలుగు మాటలో ర, బండి ఱ ఎప్పుడో కలిసిపోయాయి. కూబిలో ఆ తేడా నిలిచే ఉంది. ద్రావిడ భాషల పాత రూపం తెలుసుకోవడానికి అది పెద్ద ఆధారం. బడిలో ‘యాస’ అని నవ్వించుకున్న మన నోటిమాట, పండితులకు పాఠం చెప్పిందన్నమాట. ఆయన పేరు తలచుకున్నప్పుడు, ఓపికగా కూర్చుని ఆయనకు కథలు చెప్పిన కొండదొరలనూ తలచుకోవాలి. వాళ్లు లేకపోతే ఆ పుస్తకం లేదు.

పెద్దవాళ్లను తప్పుపట్టి ఊరుకుంటే చాలదు. మన్యం నుంచి దిగి విశాఖలో చదివి, బడుల్లో, బ్యాంకుల్లో, పోర్టులో, ఉక్కు కర్మాగారంలో పనిచేసిన మన మొదటి తరం వాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. వాళ్ల గురించి మనమూ అదే అచ్చులో రాస్తున్నాం. పైగా ‘స్వయంకృషితో పైకొచ్చారు’ అని కలుపుతున్నాం. ఈ మాటతోనే మాకు పేచీ. హాస్టల్ సీటు, స్కాలర్‌షిప్, రిజర్వేషన్ ఏమయ్యాయి? ఫీజు కోసం అమ్మిన ఎద్దులు ఏమయ్యాయి? తమ్ముడి చదువు కోసం బడి మానేసిన అక్క ఏమైంది? అంతా స్వయంకృషే అయితే, మధ్యలో చదువు ఆగిపోయిన పిల్లలంతా సోమరులని మనమే ఒప్పుకున్నట్టు.

పదవులు రాయొద్దని మేము అనడం లేదు. మనవాళ్లు ఆఫీసరు కుర్చీలో కూర్చున్నారని పిల్లలు తెలుసుకోవాలి. ఆ కుర్చీ దాకా దారి ఎటుందో కూడా తెలియాలి. ఎన్నో తరగతిలో తప్పారు, ఎవరు మళ్లీ బడికి పంపారు, పట్నంలో గది అద్దెకు అడిగితే కులం తెగ అడిగారా, ఇంటి భాషను పిల్లలకు ఇచ్చారా, ఇవ్వలేకపోయారా? ఊరికి తిరిగి రాకపోతే అదీ రాయాలి, ఎందుకు రాలేకపోయారో కూడా రాయాలి. దాచిపెట్టి పొగిడితే ఆ మనిషిని తగ్గించినట్టే.

సవరలు చనిపోయినవారికి రాయి నిలబెడతారు. అది ఒక్క ఇంటితో అయ్యే పని కాదు, బంధువులంతా రావాలి. పోయినవారి పేరు తర్వాత పుట్టిన బిడ్డకు పెట్టుకుంటారు. నివాళి రాయడం కూడా అలాంటి పనే.

మాస్టార్లూ, తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ సెలవుల్లో మీ ఊరి మొదటి డిగ్రీవాళ్ల గురించి ఒక్క పేజీ రాయండి. పోయినవారైతే వాళ్ల అక్కను అడగండి, బడిలో పక్కన కూర్చున్నవాళ్లను అడగండి. ఉద్యోగం పేరు చివర రాయొచ్చు. దీపం ఎవరు పెట్టారో ముందు రాయండి.