తిరగరాయించిన తండ్రి

ఆంగ్ల తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ బడికి వెళ్లలేదు. 1806లో లండన్‌లో పుట్టిన ఆ పిల్లవాడికి తండ్రి జేమ్స్ మిల్లే గురువు. మూడో ఏట గ్రీకు, ఎనిమిదో ఏట లాటిన్ మొదలుపెట్టాడని విని ముక్కున వేలేసుకునేవాళ్లు చాలామంది. నాకు మాత్రం అంతకన్నా గొప్పగా తోచింది పదమూడు, పదహారేళ్ల మధ్య ఆ తండ్రి కొడుకుకు వ్యాసం రాయడం నేర్పిన తీరు. 1873లో అచ్చయిన మిల్ ఆత్మకథలో అది అక్కడొక పేరా, ఇక్కడొక పేరాగా చెదిరి ఉంది. ఏరి వరసన పెడితే ఎంత పొందికైన బోధనో తెలుస్తుంది.

జేమ్స్ మిల్ మనకు బ్రిటిష్ ఇండియా చరిత్ర రాసినవాడిగా తెలుసు. ఈ దేశంలో అడుగు పెట్టకుండానే ఇక్కడి నాగరికతను చిన్నచూపు చూసిన పుస్తకం అది. దాని మీద మన కోపం న్యాయమైనదే. కానీ ఆ పుస్తకం రాస్తున్న బల్ల దగ్గరే కొడుకును కూర్చోబెట్టుకుని, తెలియని గ్రీకు మాట అడిగినప్పుడల్లా కలం ఆపి అర్థం చెప్పిన గురువును కూడా చూడాలి.

1819లో పాఠం అర్థశాస్త్రం. ఆర్థికవేత్త రికార్డో గ్రంథం అప్పటికి రెండేళ్ల కిందటే వెలువడింది. కానీ నేర్చుకునేవాళ్లకు తగిన పాఠ్యపుస్తకం లేదు. అందుకని తండ్రి రోజూ కొడుకుతో నడకకు వెళ్తూ కొంత కొంత వివరించేవాడు. మర్నాటికి కొడుకు దాన్ని రాసి తేవాలి. రాసింది తేటగా, కచ్చితంగా, చాలినంత సమగ్రంగా ఉండేదాకా మళ్లీ మళ్లీ రాయించేవాడు.

ఈ ఏర్పాటులో ఎంత నేర్పు ఉందో గమనించండి. పిల్లవాడి ముందు పుస్తకం లేదు కాబట్టి ఎత్తిరాయడానికి వాక్యం దొరకదు. చెవితో విన్నది ఒక రాత్రి మనసులో నిలవాలి, మర్నాడు తన మాటల్లో బయటికి రావాలి. అర్థం కానిచోట కలం ఆగిపోతుంది, ఎక్కడ ఆగిందో ఇద్దరికీ తెలిసిపోతుంది.

తేటదనం, కచ్చితత్వం, సమగ్రత అన్న ఆ మూడు కొలతలూ ఎంత పదునైనవో కౌలు సంగతి ఎరిగిన మనకు రికార్డో కౌలు సిద్ధాంతంతోనే చెప్పవచ్చు. ఉదాహరణ నాది. 'మంచి నేలకు కౌలు ఎక్కువ' అని ఒక పిల్లవాడు రాశాడనుకుందాం. తేటగానే ఉంది. కచ్చితంగా లేదు. ఏ నేలతో పోలిస్తే ఎక్కువ? సాగులో ఉన్నవాటిలో అన్నిటికన్నా నిస్సారమైన నేలతో పోలిస్తే. ఆ మాట చేర్చాక కూడా సమగ్రం కాలేదు. జనం పెరిగి అంతకన్నా నాసి నేల దున్నాల్సి వస్తే, మంచి నేల ఏమీ మారకపోయినా దాని కౌలు ఎందుకు పెరుగుతుందో చెప్పాలి. ఒక్కో కొలత ఒక్కో కొత్త ఆలోచనను రాబడుతోంది. తప్పులు దిద్దడానికి కాక, ఆలోచన పూర్తి చేయడానికి తిరగరాయించడం అంటే ఇదే.

పైగా ఆ కాగితాలు వృథా పోలేదు. తర్వాత జేమ్స్ మిల్ రాసిన అర్థశాస్త్ర పాఠ్యపుస్తకానికి కొడుకు రాసిన ఆ సారాంశాలే ఆధారపు నోట్సు అయ్యాయి. అది 1821లో వచ్చింది. తన రాతతో పని ఉన్న పాఠకుడు ఎదురుగా ఉన్నాడని తెలిసిన పిల్లవాడి శ్రద్ధే వేరు.

ఆ పుస్తకం అచ్చుకు సిద్ధమవుతుండగా పదిహేనేళ్ల కొడుక్కి ఇంకో పని అప్పగించాడు. రాతప్రతిలో ప్రతి పేరాకూ మార్జిన్‌లో క్లుప్తంగా సారం రాయాలి. తత్వవేత్త బెంథామ్ తన రచనలన్నిటికీ చేసుకునే పని ఇది. మార్జిన్ వెంట పైనుంచి కిందికి చదువుకుంటూ వెళ్తే వాదన ఎముకల గూడు కనిపిస్తుంది. రెండు సారాలు ఒకేలా ఉంటే చెప్పిందే చెప్పినట్టు. ఒకటి ముందుదానికి అతకకపోతే ఆ పేరా చోటు మారాలి. సారం తేలకపోతే ఆ పేరాలో విషయం లేదు. అన్నిటికన్నా నాకు నచ్చింది, ఆ పరీక్షకు పెట్టింది తండ్రి రాత కావడం. పెద్దవాళ్ల చిత్తుప్రతిలోనూ సర్దుకోవలసిన పేరాలు ఉంటాయని పిల్లవాడు కళ్లారా చూశాడు.

కొడుకు రాసింది చూడకుండా ఉండడం కూడా ఆ తండ్రికి తెలుసు. చిన్ననాడు కొడుకు సరదాగా చరిత్రలు రాసుకుంటుంటే ప్రోత్సహించాడు కానీ, చూపించమని ఎన్నడూ అడగలేదు. తప్పులు పట్టే కన్ను మీద లేకుండా రాసుకోనిచ్చినందుకు మిల్ పెద్దయ్యాక కూడా తండ్రిని మెచ్చుకున్నాడు. 1822లో తొలి వాద వ్యాసం రాసింది కూడా తండ్రికి తెలియకుండానే. ధనవంతులు పేదల కన్నా గుణవంతులన్న నమ్మకాన్ని అందులో ఖండించాడు. చదివి తండ్రి తృప్తిపడ్డాడు. కానీ వ్యాసమంతా ఒట్టి తర్కమే. అందుకేనేమో, ఈసారి ఉపన్యాస ధోరణిలో రాయమని సలహా ఇచ్చాడు.

దాంతో మిల్ రెండు ప్రసంగాలు రాశాడు. స్పార్టా సేన అట్టికా మీదికి వచ్చినప్పుడు ఎదురు వెళ్లి పోరాడలేదని ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్ మీద విచారణ జరుగుతున్నట్టు ఊహించి, ఒకదానిలో నేరం మోపాడు, రెండోదానిలో సమర్థించాడు. మన శాస్త్రకారులు పూర్వపక్షాన్ని నిలబెట్టాకే సిద్ధాంతం చెప్పినట్టు, పదహారేళ్లవాడు రెండు పక్షాలకూ గొంతు ఇచ్చాడు. గ్రీకు చరిత్ర అతనికి కొట్టినపిండి కాబట్టి శక్తి అంతా వాదన కట్టడం మీదే పెట్టగలిగాడు.

ఈ చదువుకు చెల్లించిన మూల్యమూ ఉంది. జేమ్స్ మిల్‌కు ఓర్పు తక్కువ, ఆప్యాయత బయటపెట్టే మనిషి కాడు. ఇరవయ్యో ఏట, 1826లో, కొడుకు తీవ్రమైన కుంగుబాటుకు లోనయ్యాడు. విశ్లేషణకే అలవాటుపడిన మనసులో అనుభూతి ఇంకిపోతుందని తర్వాత గ్రహించాడు. వర్డ్స్‌వర్త్ కవిత్వం అతనికి ఊరటనిచ్చింది. పిల్లలను ఇంట్లో చదివిస్తూ ఓపెన్ స్కూల్ పరీక్షలకు పంపుతున్న మన తల్లిదండ్రులు ఆ కాఠిన్యాన్ని వదిలేసి పనితనాన్ని తీసుకోవచ్చు. సాయంత్రం నడుస్తూ మాట్లాడడానికి, పొద్దున రాయించడానికి, ఆ మూడు కొలతలతో తిరగరాయించడానికి కఠినంగా ఉండనక్కర్లేదు. పిల్లలకు కథలూ పాటలూ కూడా దక్కాలి, అంతే.

1859లో మిల్ 'ఆన్ లిబర్టీ' అచ్చయింది. ఎదుటి పక్షాన్ని దాని పూర్తి బలంతో ఎరగనివాడికి తన పక్షమూ సరిగా తెలియదన్నది అందులోని ముఖ్యమైన వాదాల్లో ఒకటి. పెరిక్లీస్ మీద నేరం మోపి, ఆయన్నే సమర్థించిన కుర్రవాడు ఆ వాదాన్ని అంతకు చాలా ముందే కలంతో సాధన చేసి ఉన్నాడు. మీ ఇంట్లో అమ్మాయో అబ్బాయో మంచి వ్యాసం రాసి తెస్తే, మెచ్చుకున్నాక ఇదొక్కటీ అడగండి: దీనికి ఎదురు వాదం కూడా ఇంత బాగా రాయగలవా అని.