పిలిచిన ఫిడేలు, పిలవని ఫిడేళ్ళు

తన పాట తానే రాసుకుని, తానే బాణీ కట్టుకుని పాడుకునేవాళ్ళకి రికార్డింగులో ఒక చిక్కు వుంది. పైనుంచి ఫిడేలు విద్వాంసుణ్ణి పిలిచాక ఆ పాట యింకా తమదిగానే మిగులుతుందా? ఫిడేలేమైనా సామాన్యమైనదా! కమాను రెండుసార్లు లాగితే చాలు, కళ్ళు చెమరుస్తాయి. ఆ తడి పాట వల్ల వచ్చిందో, ఫిడేలు వల్ల వచ్చిందో ఎవరికి పట్టింది?

బీటిల్స్ బృందంలోని పాల్ మెకార్ట్నీకి యీ చిక్కు రెండుసార్లు వచ్చింది. 1965 జూన్‌లో లండన్‌లో ‘యెస్టర్‌డే’ పాటను గిటారు మీటుకుంటూ ఒక్కడే పాడాడు. దీనికి రెండు వయొలిన్లు, ఒక వియోలా, ఒక చెల్లో కలుపుదామన్నాడు నిర్మాత జార్జ్ మార్టిన్. పాట మరీ మెత్తబడిపోతుందేమోనని మెకార్ట్నీ జంకాడు. చివరికి సరేనన్నాడు గాని, వైబ్రాటో వద్దన్నాడు. అంటే తీగ మీద వేలు ఆడించి స్వరాన్ని వణికించడం. మన గమకం వేరు, అది రాగంలో భాగం. వైబ్రాటో మాత్రం స్వరానికి తీపి అద్దుతుంది. అలవాటైన చేతులు ఒక పట్టాన మానవు కదా! షరతు పూర్తిగా కాకపోయినా చాలావరకు నెగ్గింది. చెల్లో వాయించే ఒక చిన్న సంగతిని మెకార్ట్నీయే పట్టుబట్టి పెట్టించాడు.

ఇప్పుడు ఆ పాట విని చూడండి. మొదటి చరణంలో గిటారు తప్ప తోడు లేదు. రెండో చరణంలో తీగలు నెమ్మదిగా వచ్చి చేరతాయి. ఆఖరున ఒక వయొలిన్ పైస్థాయిలో ఒకే స్వరం పట్టుకుని నిలబడుతుంది. దుఃఖమంతా గొంతులోనే వుంది. అందుకే రెండు నిమిషాల పాట యిన్నేళ్ళు నిలిచింది.

ఇక రెండో పాట ‘ద లాంగ్ అండ్ వైండింగ్ రోడ్’. 1969లో పియానో దగ్గర కూర్చుని పాడినది. 1970 ఏప్రిల్‌లో ఫిల్ స్పెక్టర్ అనే మరో నిర్మాత, పాటగాణ్ణి అడక్కుండానే, దానికి పెద్ద వాద్యబృందాన్నీ, హార్ప్‌నీ, 14 మంది ఆడవాళ్ళ బృందగానాన్నీ జోడించాడు. మెకార్ట్నీ అభ్యంతరం చెప్పినా రికార్డు అలాగే వచ్చింది. జనం మెచ్చారు గదా అంటారేమో. నిజమే, అమెరికాలో మొదటి స్థానం దక్కించుకుంది. నాకు మాత్రం అందులో మనిషి కనబడడు. పెళ్ళిపందిట్లో దిగులుగా వున్నవాడి మాట ఎవరికి వినబడుతుంది? 2003లో ఆ హంగులేవీ లేకుండా పాట విడుదలైంది. అది విన్నాకనే అతని అలసట నాకు తెలిసింది.

ఫిడేళ్ళు ఎక్కువయ్యాయని కాదు నా ఫిర్యాదు. పాట ఎవరిదో వాళ్ళు ఆ గదిలో లేరు, అదీ సంగతి. మన కచేరీల్లోకి వయొలిన్ కూడా పాశ్చాత్యుల నుంచి వచ్చిందే. అయినా గాయని పక్కన కూర్చుని, ఆవిడ వెంట అర అడుగు వెనక నడవడం నేర్చుకుంది.

ఇవాళ ఇంట్లోనే లలితగీతాలు కట్టుకుని రికార్డు చేసుకునే అమ్మాయిలున్నారు. విద్వాంసులు వచ్చినప్పుడు ఏం వాయించాలో చెప్పడానికి మొహమాటపడితే పడండి. ఎక్కడ వాయించకూడదో మాత్రం తప్పకుండా చెప్పండి. మంచి విద్వాంసులైతే నొచ్చుకోరు.