బిందెకైనా చెంబుకైనా సగమే

మంగళగిరి కొండ మీద పానకాల స్వామికి భక్తులు బిందెడు పానకం తెచ్చినా సగమే, చెంబెడు తెచ్చినా సగమే. గుటక వేసిన చప్పుడు ఆగిందంటే మిగతా సగం ప్రసాదంగా మన చేతికి వచ్చేస్తుంది. ఏడాదంతా చూసిన సినిమాల్లో నచ్చినవి ఏరడానికి నాకు ఇంతకంటే మంచి కొలత దొరకలేదు. టికెట్ డబ్బులు, మూడు గంటల పొద్దు సినిమా తాగేస్తుంది. తిరిగి మన చెంబులో ఏం పోసింది?

బెజవాడ పక్కనే ఉన్న ఊరు మాది. బెజవాడలో మారుతీ సినిమా హాలు 1921లోనే వెలిసింది. అప్పటినుంచీ కృష్ణకు ఇవతలా అవతలా సినిమా చూడటం ఎంత అలవాటో, చూసినవాటిని వరస పెట్టి వాదించుకోవడమూ అంతే అలవాటు. 1957 మాటెత్తితే పెద్దలంతా ముందు ‘మాయాబజార్’ అంటారు. దాని తర్వాత ఏదన్న దగ్గర జట్లు చీలిపోతాయి. ‘తోడికోడళ్ళు’ అనేవాళ్లు కొందరు, ‘సువర్ణసుందరి’ అనేవాళ్లు కొందరు, ‘పాండురంగ మహత్యం’ తప్ప ఇంకోటి ఒప్పుకోనివాళ్లు కొందరు. టీ చల్లారిపోతుంది గానీ వాదం చల్లారదు.

ఈ ఏరివేతకు కొన్ని పట్లున్నాయి. చూసొచ్చిన రాత్రే నోటుబుక్కులో ఒక్క దృశ్యం రాసుకోవాలి. కథ రాయకూడదు, కథ ఎవరైనా చెప్తారు. రెండోది, హాలు హోరును విడిగా తూకం వెయ్యాలి. మొదటి రోజు మార్నింగ్ షోలో ఈలలు, ఎగరేసిన కాగితాలు మహా సరదాగా ఉంటాయి. కానీ ఆ హోరు హీరోది కావచ్చు, సినిమాది కాకపోవచ్చు. మూడోది, నెల ఆగాలి. పళ్లు తోముకుంటుంటే ఆ దృశ్యం దానంతటదే గుర్తొస్తే సినిమా నిలిచినట్టు. నాలుగోది, కలెక్షన్ల జోలికి పోకూడదు. ఆ లెక్క బెజవాడ గాంధీనగర్ డిస్ట్రిబ్యూటర్లది, మనది కాదు.

ఈ పట్లన్నీ వేసి చూస్తే నా 2024 ఇలా తేలింది.

సంక్రాంతికి పెద్ద హీరోల మధ్య దూరి వచ్చిన ‘హనుమాన్’ ఒకటి. పిల్లలతో కలిసి చూడాల్సిన సినిమా అది. వాళ్లు నోరు తెరుచుకుని చూస్తుంటే మనమూ తెరుస్తాం. ఫిబ్రవరిలో ‘అంబాజీపేట మ్యారేజి బ్యాండు’. మంగలి పని చేస్తూ బ్యాండు వాయించే మల్లిగా సుహాస్ బాగా చేశాడు. కానీ నా నోటుబుక్కులో ఉన్నది పోలీస్ స్టేషన్‌లో తిరగబడ్డ పద్మ, శరణ్య ప్రదీప్. ఆ సీనుకు హాలంతా ఈల వేసింది. నెల తర్వాత ఆ ఈల గుర్తులేదు, ఆమె మొహం గుర్తుంది.

వేసవి చప్పగా పోయింది. ఎన్నికల మైకుల ముందు సినిమాలేం నిలుస్తాయి? జూన్ 27న ‘కల్కి 2898 ఏడీ’ వచ్చాక హాళ్లకు కళ వచ్చింది. మూడు గంటల సినిమాలో చాలా చోట్ల గడియారం చూశాను. అయినా అమితాబ్ అశ్వత్థామగా లేచి నిలబడితే, పురాణం విని పెరిగినవాడికి వెన్నులో జలదరింపు తప్పదు. ఆ ఒక్క మూర్తి కోసం జాబితాలో చోటిచ్చాను.

సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి బెజవాడ సింగ్‌నగర్ మునిగింది. ఆ వారమే, 6న, ‘35 చిన్న కథ కాదు’ విడుదలైంది. సినిమాకు వెళ్లే మనసు ఎవరికుంది? ఆలస్యంగా చూశాను. సున్నాకి విలువ లేదంటారు, మరి ఒకటి పక్కన పెడితే పది ఎందుకవుతుందని ఓ తిరుపతి కుర్రాడి సందేహం. లెక్కల మాస్టారు వాణ్ణే సున్నా అంటాడు. పదో తరగతి గట్టెక్కని తల్లి, కొడుక్కి చెప్పడం కోసం తనే లెక్కలు నేర్చుకుంటుంది. నివేదా థామస్ ఆ తల్లి. ఫైటు లేదు, విలన్ లేడు. పాస్ మార్కు ఒక్కటే కొండంత అడ్డం. ఇంటికొచ్చి మా చిన్నవాడి లెక్కల పుస్తకం తెరిచాను. ఏడాది మొత్తంలో నా చేత పని చేయించిన సినిమా అదొక్కటే.

దీపావళికి ‘లక్కీ భాస్కర్’. బ్యాంకు ఉద్యోగి అప్పులూ, ఆశలూ, తప్పుడు లెక్కలూ. వెంకీ అట్లూరి చకచకా నడిపాడు. దుల్కర్ సల్మాన్ మనవైపు తిరిగి మాట్లాడుతుంటే, తప్పు చేస్తున్నవాడి పక్షాన ఉన్నామన్న సంగతి ఆలస్యంగా తడుతుంది.

ఇంకో నియమం: పాత జాబితాలు దిద్దకూడదు. ఇరవై ఏళ్ల కిందట నేను మొదటి స్థానం ఇచ్చిన సినిమాలు కొన్ని ఇప్పుడు పది నిమిషాలు కూడా చూడలేను. కొట్టేస్తే మాత్రం అప్పటి నా వయసునే కొట్టేసినట్టవుతుంది. అందుకే ఉంచాను.

‘కల్కి’ బిందె పెద్దది, ‘35’ చెంబు చిన్నది. రెండూ ఒకే గుమ్మం ముందు నిలబడ్డాయి. బిందె నిండుగానే వచ్చింది, నాకు దక్కింది ఒక్క అశ్వత్థామ. చెంబు సగం మిగిల్చింది. అందుకే మొదటి వరసలో ‘35’ అని రాసి, పక్కన సున్నా గురించి ఆ పిల్లాడి ప్రశ్న రాసుకున్నాను. జవాబు మా చిన్నవాడికి ఇంకా బాకీ ఉంది.