ప్రేమ చాలదు, పరీక్షయు కావలెను

మనస్సు గాయపడిన బిడ్డను ఇంటినుండి తెచ్చి, ఒక వసతిగృహమునందుంచి, అచ్చటి దినచర్యనే మందుగా చేయవచ్చునా? చేయవచ్చునని గట్టిగా వాదించిన గ్రంథములలో బ్రూనో బెటెల్‌హైమ్ 1950లో ప్రకటించిన ‘లవ్ ఈజ్ నాట్ ఎనఫ్’ ముఖ్యమైనది. ప్రేమ ఒక్కటే చాలదని ఆ పేరునకు అర్థము.

బెటెల్‌హైమ్ 1903లో వియన్నాలో జన్మించినారు. 1938లో నాజీల నిర్బంధ శిబిరముల పాలై, 1939లో విడుదల పొంది అమెరికా చేరినారు. 1944 నుండి 1973 వరకు చికాగో విశ్వవిద్యాలయమునకు చెందిన ఆర్థోజెనిక్ స్కూలును నడిపినారు. మనిషిని కుంగదీయు పరిసరములను కల్పించుట సాధ్యమైనప్పుడు, కోలుకొనజేయు పరిసరములను కల్పించుటయు సాధ్యమే అన్నది ఆయన విశ్వాసము.

గ్రంథములో సిద్ధాంతముకంటె దినచర్యకే ప్రాధాన్యము హెచ్చు. నిద్రలేచుట, భోజనము, చదువు, ఆట, స్నానము, పడక: ఏ వేళ బిడ్డకు ఏ భయము కలుగునో రచయిత ఓపికగా వివరించినారు. అల్లరిని దండించుటకు ముందు దాని వెనుకనున్న భయమును వెదకవలెనను సూత్రము ఉపాధ్యాయులకు నేటికిని పనికివచ్చును.

కాని శాస్త్రదృష్టితో చూచినచో పెద్దలోపము కనబడును. చికిత్స చేసినవారే ఫలితమునకు సాక్షులు. చికిత్స పొందని పిల్లలతో పోలిక లేదు. బయటివారు చేసిన పరీక్షయు లేదు. ఈ లోపమే తరువాత హాని చేసినది. 1967లో వెలువడిన ‘ది ఎంప్టీ ఫోర్ట్రెస్’లో ఆయన ఆటిజమునకు తల్లుల నిరాదరణ కారణమనినారు. అది తప్పనియు, జన్యువుల పాత్ర పెద్దదనియు పరిశోధనలు తేల్చినవి. అంతలో ఎందరో తల్లులు చేయని నేరమునకు నింద మోసినారు. 1990లో ఆయన మరణించిన పిమ్మట, ఆ స్కూలులో పెరిగిన కొందరు ఆయన తమను కొట్టినారని బహిరంగముగా చెప్పినారు. మేలు పొందితిమనినవారును కలరు. పుస్తకములో వినబడినది మాత్రము నిర్వాహకుని కంఠమే.

సరియైన పరీక్ష యెట్లుండునో రుమేనియాలో 2000లో మొదలైన బుకారెస్ట్ పరిశోధన చూపినది. అచ్చటివి చికిత్సాలయములు కావు, అనాథాశ్రమములు. 136 మంది పసిపిల్లలను చీటీలు వేసినట్లు రెండు బృందములుగా విభజించి, ఒక బృందమును పెంపుడు కుటుంబములకు అప్పగించినారు. ఆ కుటుంబములలో పెరిగినవారి బుద్ధివికాసము మెరుగుగానున్నదని 2007లో ప్రకటించినారు.

చికిత్సతోకూడిన వసతి అవసరమైన పిల్లలు ఉందురు. వారికై నడుపు గృహమునకు ఇంటివారితో సంబంధము, బయటివారి తనిఖీ, బిడ్డ తన మాట భయములేక చెప్పుకొనుటకు వీలు ఉండవలెను. బెటెల్‌హైమ్ గ్రంథమును చదువువారు బిడ్డను గమనించు నేర్పును దానినుండి గ్రహింపవచ్చును. అది ఫలించినదని నమ్ముటకు మాత్రము ఆ గ్రంథమొక్కటియే ఆధారము కాజాలదు.