నాయిక నోట ‘వద్దు’ – మన సినిమా పాట

సినిమా పాటల్లో స్త్రీ చిత్రణ గురించి మన సభల్లో ఒక వాదన తరచు వినబడుతుంది. పాతతరం పాట స్త్రీని గౌరవించిందనీ, ఆ తర్వాతి తరం పాట దిగజార్చిందనీ, నేటి పాట బజారున నిలబెట్టిందనీ. వినడానికి సుఖంగా ఉండే వాదన ఇది. దీన్ని ఒప్పుకుంటే పాత రికార్డులు మళ్లీ పెట్టుకుని వినడం తప్ప మనం చేయవలసిందేమీ మిగలదు. నా అభిప్రాయం వేరు. దుస్తులూ, అభినయమూ, భాషా మారిన మాట నిజమే. కాని పాటలో స్త్రీ ‘వద్దు’ అంటే ఆ మాటకు విలువెంత? ఈ ఒక్క ప్రశ్న పెట్టుకుని చూస్తే, తరాల మధ్య మనం అనుకున్నంత దూరం కనబడదు.

స్త్రీ ‘వద్దు’కు మన శాస్త్రం ఏనాడో ఒక పేరు పెట్టింది: కుట్టమితం. ప్రియుడు కురులనో పెదవినో తాకినప్పుడు లోపల సంతోషిస్తూనే పైకి కోపం, బాధ నటించడం. భరతుడు దీన్ని స్త్రీల సహజాలంకారాలలో చేర్చాడు. ఎం.ఎ. విద్యార్థులు ఈ నిర్వచనాన్ని కంఠస్థం చేసి పరీక్షలో రాస్తారు. ఒకానొక సందర్భంలోని చేష్టను స్త్రీజాతి స్వభావంగా ఎలా స్థిరపరిచారని మాత్రం ఎవరూ అడగరు. ఇదే సంప్రదాయంలో ఖండిత కూడా ఉంది. పరస్త్రీ దగ్గరి నుంచి వచ్చిన మువ్వగోపాలుణ్ణి క్షేత్రయ్య నాయిక నిలదీస్తుంది. ఆ కోపం నటన కాదు. పదాలు రాసింది పురుషుడే అయినా వాటిని తరతరాలుగా బతికించినవి దేవదాసీల గొంతులు. తన ఇల్లూ, తన విద్యా, తన సంపాదనా గల స్త్రీ నోట ఆ ‘వద్దు’ నిజంగా పలికింది. సినిమా పాట ఈ వారసత్వంలో కుట్టమితాన్నే ఎక్కువగా అందిపుచ్చుకుంది.

1955లో వచ్చిన ‘మిస్సమ్మ’ ఆ రోజులకు సాహసమైన కథే. చదువుండీ ఉద్యోగం లేని ఇద్దరు, భార్యాభర్తలుగా నటించి ఉద్యోగం సంపాదిస్తారు. మేరీ ఆత్మాభిమానం గల స్త్రీ. మాటకు మాట అప్పజెప్పగలదు. అటువంటి ఆమెను ఆటపట్టిస్తూ నాయకుడు పాడే పాటలో పింగళి నాగేంద్రరావు చమత్కారమంతా ఒక్క సూత్రం మీద నిలిచింది: స్త్రీ ఒప్పుకుంటే నిరాకరణ అనీ, నిరాకరిస్తే ఒప్పుకోలు అనీ గ్రహించుకోవాలి. ఎ.ఎం.రాజా గొంతులో ఆ పాట ఎంతో మృదువుగా సాగుతుంది. అసభ్య పదం ఒక్కటి కూడా లేదు. కనుకనే అది ఇంటింటికీ చేరింది. పండితులకే పరిమితమైన కుట్టమితం అందరి నోటా లోకోక్తి అయింది. ఆ పాటలోని మాటలే 2007లో ఒక సినిమాకు పేరయ్యాయి. అర్ధశతాబ్దం గడిచినా ఆ సూత్రానికి గిరాకీ తగ్గలేదన్నమాట.

అరవైలు, డెబ్బైలలో మరొక ఏర్పాటు జరిగింది. కోరికను నాయిక నోట బాహాటంగా పలికించడానికి మధ్యతరగతి మర్యాద అడ్డువచ్చింది. అందుకోసం క్లబ్బు డాన్సరు కావలసివచ్చింది. నాయికకు సుశీల గొంతు, డాన్సరుకు ఎల్.ఆర్.ఈశ్వరి గొంతు – అనేక చిత్రాల్లో ఇదే పంపకం. తెర మీద జ్యోతిలక్ష్మి, జయమాలిని. ఒకరికి ‘అవును’ అనే హక్కు లేదు, మరొకరికి ‘వద్దు’ అనే హక్కు లేదు. రానురాను ఆ రెండు పనులూ నాయికే చేయవలసివచ్చింది. దీన్ని స్వేచ్ఛ అన్నవారున్నారు. ఇద్దరి పని ఒకరిచేత చేయించుకోవడాన్ని ఏ కార్మికుడూ స్వేచ్ఛ అనడు.

ఈ మార్పుకు 1977 నాటి ‘అడవి రాముడు’ పెద్ద గుర్తు. అందులో ఆరవేయబోయిన బట్ట చుట్టూ అల్లిన యుగళగీతంలో నాయికే తన సిగ్గునూ, తన నష్టాన్నీ కొంటెగా చెప్పుకుంటుంది. వెనకటి చమత్కారమే ఇక్కడ ఆమె నోటికి మారింది. ఆ పాట రాసిన వేటూరి సుందరరామమూర్తిని మాత్రమే తప్పుపట్టి ఊరుకోవడం తేలిక. కాని 1985లో టి.కృష్ణ ‘ప్రతిఘటన’కు పాట రాసిన కలమూ అదే. తరగతి గదిలో నల్లబల్ల మీద తన నగ్నచిత్రం గీసిన విద్యార్థుల ముందు నిలబడి అధ్యాపకురాలు పాడే పాట అది. సినిమా పాటలో సన్నివేశం ఒకరిది, బాణీ మరొకరిది, పెట్టుబడి ఇంకొకరిది. ఆ సన్నివేశం మారితే అదే కవి స్త్రీ ఆగ్రహాన్ని అంత తీవ్రంగా పలికించగలిగాడు.

‘ప్రతిఘటన’ పాట గొప్పదే. జానకి పాడగా విని కదలనివారు అరుదు. అయినా దాని తర్కాన్ని పరిశీలించాలి. నీ తల్లీ స్త్రీయే, నువ్వు పాలు తాగిన దేహమే ఇది, కాబట్టి గౌరవించు అన్నది దాని సారాంశం. ‘వద్దు’ అన్న మాట ఇక్కడ గట్టిగా వినబడింది, కాని మాతృత్వం జామీను ఉంటేనే చెల్లింది. తల్లి కాని స్త్రీ, తల్లి కాదలచుకోని స్త్రీ ఏ హామీ చూపించాలి? మనిషినన్న ఒక్క కారణం చాలదా?

2021లో వచ్చిన ‘పుష్ప’లోని ప్రత్యేక గీతం ఈ హామీని అడగదు. చంద్రబోస్ రాసిన ఆ పాటను ఇంద్రావతి చౌహాన్ పాడింది. ఏ దుస్తులు వేసినా, ఏ రంగున ఉన్నా మగవాడి చూపు మారదని సూటిగా ఎత్తిపొడుస్తుంది. పురుషుల సంఘం ఒకటి దానిపై కోర్టుకెక్కిందని అప్పట్లో వార్తలు వచ్చాయి. మాటలు తగిలాయి కనుకనే ఆ ఉలుకు. కాని తెర మీద కెమెరా చేసే పని ఏమిటి? మాట ఏ చూపును నిందిస్తున్నదో ఆ చూపునే బొమ్మ ప్రేక్షకుడికి అందిస్తుంది. టిక్కెట్టు అమ్ముడుపోయేది బొమ్మ వల్ల. ‘వద్దు’ను కూడా సరుకు చేయగల నేర్పు పెట్టుబడికి ఉంది.

మరి మన పాట మాటేమిటి? ప్రజాసాహిత్యంలో స్త్రీ చాలాసార్లు అమరుని తల్లిగానో, చెరచబడిన చెల్లిగానో వచ్చింది. ఆమె దుఃఖించింది, దీవించింది. ఇంట్లోనో, సంఘంలోనో మగవాడితో ‘వద్దు’ అన్న సందర్భాలు తక్కువ. తెలంగాణా సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల అనుభవాలను 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ అచ్చువేసినప్పుడు గాని, ఆ ప్రశ్నలు మన దాకా రాలేదు.

నిజానికి ఆ మాట స్త్రీలు తమ పాటల్లో ఎప్పుడో అన్నారు. ‘ఊర్మిళాదేవి నిద్ర’లో పద్నాలుగేళ్ల తర్వాత పక్క చేరిన లక్ష్మణుణ్ణి ఊర్మిళ పరపురుషుడనుకుని, పరస్త్రీలను కోరి చెడినవారి కథలు చెప్పి మందలిస్తుంది. వెట్టికి, దొరకు ఎదురు చెప్పడానికి మల్లు స్వరాజ్యం ఊళ్లలో ఉయ్యాల పాటలు పాడింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రగిలిన సారా వ్యతిరేకోద్యమం ఊరూరా పాటలతోనే నడిచింది. ఆ ‘వద్దు’ను కుట్టమితమని ఎవరూ చమత్కరించలేకపోయారు. 1993లో ప్రభుత్వం సారాను నిషేధించవలసివచ్చింది.

సినిమా కవిని నిందించి ఊరుకుంటే మన బాధ్యత తీరదు. స్త్రీ ‘నేను’ అని పలికే పాటను స్త్రీయే రాసే అవకాశం సినిమాలోనూ, మన వేదిక మీదా ఇంకా అరుదుగానే ఉంది. సారా ఉద్యమంలో పాడినవారు ఇంకా మన మధ్య ఉన్నారు. వారి పాటలను దిద్దకుండా, వారి పేర్లతోనే సేకరించి అచ్చువేయడం సంఘ శాఖలు చేయగల పని. విద్యార్థులు కుట్టమితం నిర్వచనం పక్కన ఆ పాటలు పెట్టుకుని చదవాలి. అప్పుడు ఆ నిర్వచనం ఎవరు, ఎవరి కోసం రాశారో వారికే తెలుస్తుంది.